వరంగల్‌లో ఉంటూ ఆర్గన్‌లో డిప్లొమా చేయవచ్చా?

చేయవచ్చు. నేను హనుమకొండలో ఉంటూనే ట్రినిటీ కాలేజ్ లండన్ వారి ఏటీసీఎల్ డిప్లొమా ఆర్గన్‌లో పూర్తి చేశాను. మీరు మూడు సంగతులు అడిగారు. ఎలక్ట్రానిక్ కీబోర్డులో ఎనిమిదో గ్రేడు అయింది కాబట్టి నేరుగా డిప్లొమాకు వెళ్లవచ్చా అన్నది ఒకటి, గాలితో పైపులు పలికే పైపు ఆర్గన్ లేని ఊళ్లో సాధన ఎలా అన్నది రెండోది, దీనివల్ల ఉద్యోగం వస్తుందా అన్నది మూడోది.

నియమాల మాట ముందు చెప్పేస్తాను. ఏటీసీఎల్‌కు అంతకుముందు ఏ సర్టిఫికెట్ ఉందని అడగరు. సుమారు 32 నుంచి 38 నిమిషాల కచేరీ ఇవ్వాలి, నూటికి 60 వస్తే ఉత్తీర్ణులవుతారు. స్థాయి డిగ్రీ మొదటి సంవత్సరంతో సమానం. మరో సంగీత పరీక్షల సంస్థ ఏబీఆర్ఎస్ఎం వారి ఏఆర్ఎస్ఎం డిప్లొమా అయితే 30 నిమిషాలు. అందులో కనీసం 20 నిమిషాల సంగీతం వాళ్ల జాబితాలోది కావాలి, మిగతాది మీ ఇష్టం. కానీ దానికి ఆర్గన్‌లోనే ఎనిమిదో గ్రేడు ఉండాలి, మీ కీబోర్డు గ్రేడు అక్కడ పనికిరాదు. 1864లో పుట్టిన రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్గనిస్ట్స్ డిప్లొమాలు వేరే తరహావి. శ్రుతి మార్చి వాయించడం, ఫిగర్డ్ బాస్ (కింది వరుసకు రాసిన అంకెలను చూసి పై స్వరాలు నింపి వాయించడం), అప్పటికప్పుడు కల్పించి వాయించడం, రాత పరీక్షలు కూడా ఉంటాయి. వాటి గురించి ఇప్పుడే ఆలోచించకండి.

కాబట్టి కాగితం మీద మీకు అడ్డేమీ లేదు. అసలు అడ్డు పాదాల దగ్గర ఉంది. సిలబస్ తెరవకముందే పాదాలకు పని నేర్పమని నా గట్టి సలహా. ఆర్గన్ కింద పాదాలతో వాయించే మెట్లు 30 గానీ 32 గానీ ఉంటాయి. మునివేళ్లతో, మడమతో, కిందికి చూడకుండా వాయించాలి. మోకాళ్లు దగ్గరగా పెట్టుకుంటే స్వరానికీ స్వరానికీ మధ్య దూరం ఒంటికి తెలుస్తుంది.

దీనికి మంచి సాధన మన చర్చిలోనే ఉంది. పాశ్చాత్య బాణీల్లో పాడే పాటలు నాలుగు వరుసల్లో రాసి ఉంటాయి కదా, అందులో అన్నిటికంటే కింది వరుస బాస్ పాదాలకు, దాని పై వరుస టెనర్ ఎడమ చేతికి, పై రెండు వరుసలు కుడి చేతికి ఇవ్వండి. ఎడమ చెయ్యి మొండికేస్తుంది. ఇన్నేళ్లూ బాస్ వాయించిన చెయ్యి కదా, పాదాల వెంట తనూ కిందికి దిగిపోతుంది. అందుకని కుడి చెయ్యి పూర్తిగా వదిలేసి, ఎడమ చెయ్యీ పాదాలూ మాత్రమే కలిపి వాయించండి. చాలా నెమ్మదిగా, విసుగు పుట్టేదాకా. నా చదువులో ఎక్కువ కాలం తీసుకున్నది ఇదే, అందులో ఒక్క గంట కూడా వృథా పోలేదు. గమకాలతో పాడే మన తెలుగు కీర్తనలను మాత్రం దీనికి వాడకండి. ఆర్గన్ మెట్టు మీద స్వరాన్ని జార్చలేం, ఆ అందం హార్మోనియం, గొంతు కలిసినప్పుడే వస్తుంది.

బూట్ల గురించి కూడా చెప్పాలి. పలుచని తోలు అడుగు, చిన్న మడమ ఉన్న జత కావాలి. చెప్పులు బయట వదిలి లోపలికి వచ్చే సంఘాల్లో ఇది కొందరి మనసు నొప్పిస్తుంది. ఆ జతను వీధిలో ఎప్పుడూ వేసుకోనని, సంచిలో తెచ్చి ఆర్గన్ దగ్గరే తొడుక్కుంటానని సంఘ పెద్దలకు ముందే చెప్పండి. మా వాళ్లు వెంటనే ఒప్పుకున్నారు.

చేతుల విషయంలో కీబోర్డు అలవాట్లు కొన్ని మానుకోవాలి. ఆర్గన్ మెట్టును ఎంత గట్టిగా నొక్కినా ధ్వని పెరగదు, వేలు తీసేవరకూ తగ్గదు. అంటే సంగీతమంతా వేలు ఎప్పుడు తీస్తారన్న దానిలో ఉంది. వేలు తీశాక కూడా స్వరాన్ని సాగదీసే సస్టెయిన్ పెడల్ లేదు కాబట్టి, స్వరాలు తెగకుండా ఉండాలంటే మెట్టు నొక్కి ఉంచే ఒక వేలి స్థానంలోకి ఇంకో వేలు జరపడం నేర్చుకోవాలి.

ఇక వాద్యం. నేను కంప్యూటర్‌కు కలిపే రెండు మిడీ కీబోర్డులను ఒకదాని మీద ఒకటి పెట్టడానికి వడ్రంగితో స్టాండు చేయించుకుని, ఒక పాత పెడల్ బోర్డు, అంటే పాదాల మెట్ల వరుస, సంపాదించి, ఆర్గన్ నాదం పలికించే గ్రాండ్‌ఆర్గ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ కంప్యూటర్‌లో పెట్టుకున్నాను. రోజువారీ సాధనకు ఇది చాలు. పాఠాలకు కాజీపేటలో రైలెక్కి సికింద్రాబాద్ వెళ్లేదాన్ని. కానీ పరీక్షకు ముందు నిజమైన పైపుల మీద వాయించి తీరాలి. చెన్నైలో సెయింట్ జార్జ్ కేథడ్రల్, సెయింట్ ఆండ్రూస్ కర్క్‌లో పైపు ఆర్గన్లు ఉన్నాయి. చార్మినార్ ఎక్స్‌ప్రెస్ రాత్రి వరంగల్‌లో ఎక్కితే ఉదయానికి చెన్నైలో ఉంటారు. పెద్ద చర్చిలో పైపులు దూరంగా ఉంటే మీరు నొక్కిన స్వరం కాస్త ఆలస్యంగా మీ చెవిన పడుతుంది. దాని కోసం ఆగారా, వేగం పడిపోతుంది. చెవికంటే వేళ్లను నమ్మడం అక్కడే అలవాటవుతుంది. స్టాపులు, అంటే ఏ పైపుల వరుస పలకాలో ఎంచే మీటలు, కూడా ప్రతి ఆర్గన్‌కూ వేరు. వాటి మీది అడుగుల అంకె పైపు పొడవును చెబుతుంది. ఎనిమిది అడుగుల స్టాపు రాసిన స్వరాన్నే పలుకుతుంది, నాలుగు అడుగులది ఒక స్థాయి పైన, పదహారు అడుగులది ఒక స్థాయి కింద. ఈ లెక్క ఎక్కడైనా ఒకటే, నాదం మాత్రం ఒకచోట ఉన్నట్టు ఇంకోచోట ఉండదు. ఆ వాద్యం దగ్గర కూర్చుని, ఏ చోట ఏ స్టాపు లాగాలో పెన్సిల్‌తో పేజీ మీద రాసుకోండి.

రచనల ఎంపికలో జర్మన్ స్వరకర్త బాఖ్ వైమార్ నగరంలో ఉండగా చాలావరకు రాసిన ఓర్గెల్‌బ్యూష్‌లైన్ అనే ఆర్గన్ రచనల పుస్తకం నుంచి ఒకటి రెండు నేర్చుకోండి. పెడల్ అభ్యాసం నేర్పడానికి కూడా ఈ పుస్తకమని ఆయనే ముఖపత్రం మీద రాశాడు. దానికి భిన్నమైన రుచి కోసం 1845లో వచ్చిన, మరో జర్మన్ స్వరకర్త మెండెల్‌సన్ ఆరు ఆర్గన్ సొనాటాలు చూడండి. పరీక్షకు ఒప్పుకునే రచనల జాబితా మారుతుంటుంది, దరఖాస్తుకు ముందు సరిచూసుకోండి. రికార్డు చేసిన వీడియోతో కూడా ఇప్పుడు పరీక్షకు వెళ్లవచ్చు. కచేరీ మొత్తం మధ్యలో కోత లేకుండా ఉండాలి.

ఉద్యోగం వస్తుందా అని అడిగారు. నాకు దీనివల్ల ఉద్యోగం రాలేదు. నేర్పించమని పిల్లల్ని పంపే తల్లిదండ్రులు పెరిగారు, సంఘం పాడేటప్పుడు నా ఆర్గన్ వాళ్ల ఊపిరితో కలిసి నడుస్తోంది. నాకు ఈ రెండోదే ఎక్కువ.

చెన్నై చర్చిలకు రాసేటప్పుడు ఏ రచనలు సాధన చేస్తున్నారో, ఎన్ని గంటలు కావాలో, ఎవరి దగ్గర నేర్చుకుంటున్నారో స్పష్టంగా రాసి, మీ పాస్టరు గారి ఉత్తరం జతచేయండి. డిసెంబరులో, ఈస్టరుకు ముందు వారాల్లో అడగకండి, అక్కడి ఆర్గనిస్టుకే బెంచీ ఖాళీ దొరకదు. జూలై, ఆగస్టు అడగండి.