చదరం కేకు మూలలు ఎందుకు మొద్దుబారతాయి?

ప్రశ్న: గుండ్రటి కేకు మీద బటర్‌క్రీమ్ బాగానే నునుపుగా వస్తోంది. చదరంగా చేసినప్పుడు మాత్రం నాలుగు మూలలూ మొద్దుబారిపోతున్నాయి. ఒక వైపు సరిచేస్తే దాని పక్క వైపు పాడవుతోంది. క్రీమ్‌ని నునుపుగా లాగే పలక, అదే స్క్రేపర్, కూడా మార్చి చూశాను. లోపం నా చేతిలోనా, క్రీమ్‌లోనా?

జవాబు: చేతిలో లోపం అని మాత్రం అనుకోకండి. గుండ్రటి కేకుకి అలవాటైన పద్ధతినే చదరానికీ వాడుతున్నారు, అక్కడే వస్తోంది చిక్కంతా. గుండ్రటి దానికి స్క్రేపర్‌ని కదలకుండా పట్టుకుని టర్న్‌టేబుల్ (కేకు పెట్టి తిప్పే పీట) తిప్పుతాం కదా, చదరానికి అలా తిప్పితే మూల దగ్గర క్రీమ్ చుట్టుకుపోయి గుండ్రబడుతుంది. చదరం కేకుకి టర్న్‌టేబుల్ ఆగి ఉండాలి, స్క్రేపర్ కదలాలి. అది కూడా ఒక గోడ ఈ చివర నుంచి ఆ చివరకి తిన్నగా వెళ్లి, మూల దగ్గర ఆగకుండా, వంగకుండా, మూల దాటి గాల్లోకి వెళ్లిపోవాలి. మూల మీద మణికట్టు తిప్పారంటే ఆ మూల పోయినట్టే.

ఇక ఒక వైపు సరిచేస్తే ఇంకో వైపు పాడవడం గురించి. నాలుగు గోడలూ ఒకేసారి మెత్తగా ఉంటే ఎంతటి చేయి తిరిగినవాళ్లకైనా అదే జరుగుతుంది. కాబట్టి ముందు ఎదురెదురుగా ఉన్న రెండు గోడలకే క్రీమ్ పట్టించండి. మూలలు దాటి కొంచెం బయటికి వచ్చేలా ధారాళంగా పట్టించి, తిన్నగా లాగి, కేకుని ఫ్రిజ్‌లో 15, 20 నిమిషాలు ఉంచండి. వేలితో తాకితే అంటుకోకుండా గట్టిగా ఉండాలి. అప్పుడు తీసి, మూల దాటి బయటికి పొడుచుకొచ్చిన క్రీమ్‌ని పదునైన కత్తితో తిన్నగా కోసేసి, మిగిలిన రెండు గోడలకి పట్టించండి. ఈసారి మూల దాటిన మెత్తటి క్రీమ్‌ని స్క్రేపర్ అంచుతో తీసేసినా గట్టిపడిన గోడ చెక్కుచెదరదు. మూల పదునంతా ఇక్కడే వస్తుంది. ఒక గట్టి గోడ, ఒక మెత్తటి గోడ కలిసినప్పుడే గీత స్పష్టంగా పడుతుంది. రెండూ మెత్తగా ఉంటే ఎన్నిసార్లు గీసినా రాదు, గీసేకొద్దీ పాడవుతుంది కూడా.

కానీ దీనికన్నా ముందు చూసుకోవాల్సింది కేకుని. లోపలి కేకు మూల వంకరగా ఉంటే దాన్ని క్రీమ్‌తో కప్పి సరిచేద్దామని చాలామంది చూస్తారు, ఒక మూల దగ్గర సెంటీమీటరు మందం క్రీమ్, ఇంకో మూల దగ్గర కేకు కనిపించేంత పల్చగా. తినేవాళ్ల సంగతి కూడా ఆలోచించాలి కదా, ఒక ముక్కలో అంతా వెన్నే ఉంటే ఎవరికి బాగుంటుంది? కేకు పొరలన్నీ ఫ్రిజ్‌లో బాగా చల్లబడ్డాక, స్కేలు పెట్టి ఒకే కొలతకి కోయండి. వేడిగా ఉన్నప్పుడు కోస్తే పొడి రాలిపోతుంది, కోత తిన్నగా పోదు. పైన ఉబ్బిన భాగం, చుట్టూ గోధుమ రంగుకి తిరిగిన అంచు రెండూ తీసేయాలి. పేర్చాక ఒక పల్చటి క్రంబ్ కోట్ (రాలే పొడిని పట్టి ఉంచే మొదటి క్రీమ్ పూత) వేసి, అది గట్టిపడే దాకా ఫ్రిజ్‌లో ఉంచి, ఆ తర్వాతే అసలు పూత.

మీకు వీలైతే ఒకే కొలత ఉన్న రెండు అక్రిలిక్ బోర్డులు తెచ్చుకోండి. కేకు 20 సెంటీమీటర్లైతే బోర్డు 21 ఉండాలి, అంటే అన్ని వైపులా 5 మిల్లీమీటర్లు బయటికి వస్తుంది. కేకు పైన ముందు క్రీమ్ సమంగా పరిచి, ఒక బోర్డు కింద, ఇంకోటి పైన పెట్టాలి. పై బోర్డుకీ క్రీమ్‌కీ మధ్య అదే కొలతకి కోసిన పార్చ్‌మెంట్ కాగితం ఉండాలి. రెండు బోర్డుల అంచులూ నిలువునా ఒకే గీతలో ఉన్నాయో లేదో నాలుగు వైపుల నుంచీ చూసుకోండి, పైన మట్టం పెట్టి చూసుకుంటే ఇంకా నయం. ఆ తర్వాత మధ్య ఖాళీని క్రీమ్‌తో నింపి, స్క్రేపర్‌ని రెండు బోర్డులకీ ఆనించి లాగడమే. మేస్త్రీ గోడకి సిమెంటు పూసి బద్దతో లాగినట్టు, మీ చేయి వణికినా గోడ వంకర పోదు. పూర్తిగా గట్టిపడ్డాక పై బోర్డు తీసి, కాగితం ఒలిచేయండి. అంచులో చిన్న చిన్న గుంటలుంటాయి, టెన్షన్ పడక్కర్లేదు, వేలికొసతో క్రీమ్ నింపి, చల్లబరిచి, మళ్లీ ఒకసారి లాగితే సరిపోతుంది.

బోర్డులు లేకపోతే? గోడలు లాగేటప్పుడు పై అంచు మీద క్రీమ్ కొంచెం పైకి నిలబడుతుంది, నిలబడనివ్వండి. దాన్ని ఆఫ్‌సెట్ స్పాచులాతో (పిడి దగ్గర వంపు ఉన్న పల్చటి గరిటె) అంచు నుంచి మధ్యకి లాగాలి, ఎప్పుడూ మధ్య నుంచి అంచుకి కాదు. ప్రతి లాగుడికీ స్పాచులా తుడవాలి. తుడవడం బద్ధకిస్తే పోయిన సారి క్రీమే మళ్లీ అంచుకి అంటుకుంటుంది. చివరికి కూడా పదును చాలలేదనిపిస్తే కేకుని గట్టిగా చల్లబరిచి, వేడి నీళ్లలో ముంచి పొడిగా తుడిచిన కత్తితో ఆ అంచుని పల్చగా కోసేయవచ్చు.

ఇంకొక్క మాట. వెన్న 32 నుంచి 35 డిగ్రీల మధ్య కరిగిపోతుంది, 20 డిగ్రీల దగ్గర పూయడానికి వీలుగా ఉంటుంది. వేడిగా ఉన్న గదిలో, పొయ్యి పక్కన నిలబడి పదునైన అంచు తేవాలని చూడటం వృథా. క్రీమ్ నిగనిగలాడుతూ జారుతుంటే గిన్నెతో సహా 10 నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టి మళ్లీ కలపండి. క్రీమ్ కేకుని పట్టి లాగుతూ, చినుగుతున్నట్టు ఉంటే క్రీమ్ మరీ చల్లగా ఉంది, కొంచెం వేడి తగలనివ్వాలి.

ప్రశ్న: హృదయాకారం కేకుకి పైన లోపలికి వెళ్లే గాడి దగ్గర స్క్రేపర్ పట్టదు. కింద మొన కూడా విరిగిపోతోంది. ఎలా?

జవాబు: గాడి నుంచే మొదలుపెట్టండి. చాలామంది వీలుగా ఉన్న వంపులన్నీ పూర్తి చేసి చివర్లో గాడి దగ్గరికి వస్తారు, అప్పటికే అటూ ఇటూ నునుపుగా ఉన్నది చెడిపోతుంది. పైపింగ్ బ్యాగ్‌తో గాడిలో నిలువుగా ఒక గీత క్రీమ్ పెట్టి, సన్నటి తిన్నని స్పాచులాతో ముందు ఒక వైపు పైకి, చల్లబడ్డాక రెండో వైపు. వంపుల మీద గట్టి లోహపు స్క్రేపర్ పనికిరాదు. కేకుల చుట్టూ చుట్టే అసిటేట్ షీటు కాస్త మందంగా ఉన్నది తీసుకుని, కేకు ఎత్తుకి సరిపోయేలా ముక్క కోస్తే అది వంపుతో పాటు వంగుతుంది. దాన్ని గాడి నుంచి మొదలుపెట్టి వంపు మీదుగా కింది మొన దాకా, చదరానికి చెప్పినట్టే మొన దాటి బయటికి, ఒకే లాగుడులో తీయాలి. ఒక వైపు గట్టిపడ్డాకే రెండో వైపు. మొన విరగడానికి కారణం తరచుగా కింద బోర్డు చిన్నదవడమే, మొన కింద ఆధారం లేకుండా వేలాడితే నిలవదు.

అంకెల కేకుల లోపలి మూలలకీ ఇదే వరస. ఆరు పలకల కేకైతే ఒక పలక విడిచి ఒకటి, ముందు మూడు, చల్లబడ్డాక మిగిలిన మూడు. ఇలా చెక్కిన కేకులకి కోసిన వైపుల నుంచి పొడి ఎక్కువ రాలుతుంది కాబట్టి క్రంబ్ కోట్ రెండుసార్లు వేసినా తప్పులేదు.

ప్రశ్న: అంచులు వస్తున్నాయి కానీ క్రీమ్ నిండా సూది గుచ్చినట్టు చిన్న చిన్న రంధ్రాలు. ఎంత గీసినా పోవు.

జవాబు: గీస్తే పోవు, అవి క్రీమ్ లోపల ఉన్న గాలి. బాగా గిలక్కొట్టడం వల్ల వచ్చినవి. చివరి 5 నిమిషాలు మిక్సర్‌కి ప్యాడిల్ (చదునైన కలిపే రెక్క) పెట్టి, అన్నిటికన్నా తక్కువ వేగంలో తిప్పండి, తర్వాత రబ్బరు గరిటెతో క్రీమ్‌ని గిన్నె గోడకేసి నొక్కుతూ మెదపండి. చేతులు నొప్పెడతాయి, కానీ ఇంతకన్నా బాగా పనిచేసే ఉపాయం లేదు. కేకు మీద ఇప్పటికే రంధ్రాలుంటే, దాన్ని చల్లబరిచి, కాస్త మెత్తబరిచిన క్రీమ్‌ని పల్చగా అద్ది, వేడి నీళ్లలో ముంచి తుడిచిన స్క్రేపర్‌తో ఒక్కసారి లాగండి. తడి ఉంటే చారలు పడతాయి, తుడవడం మరవకండి.

ఐసింగ్ షుగర్ ఎక్కువ పడే మామూలు బటర్‌క్రీమ్ అయితే కొంచెం ఆరాక పైన పొర కడుతుంది, దాని మీద పార్చ్‌మెంట్ కాగితం పెట్టి అరచేత్తో మెల్లగా రాయవచ్చు. గుడ్డు తెల్లసొనతో చేసే స్విస్ మెరింగ్ రకం అలా పొర కట్టదు, దానికి వేడి స్క్రేపరే దారి. రుచికి నాకు స్విస్ రకమే ఇష్టం. అయితే పదునైన అంచులు ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నవాళ్లు ఐసింగ్ షుగర్ రకంతో మొదలుపెడితే చేయి త్వరగా కుదురుతుంది.

ప్రశ్న: రాత్రి అద్దంలా ఉన్న కేకు పొద్దునకి మధ్యలో ఉబ్బింది. ఫ్రిజ్‌లోంచి తీయగానే చెమట కూడా పట్టింది.

జవాబు: ఉబ్బడానికి కారణం, పొరలు సర్దుకోకముందే పై పూత వేసేయడం. పొరలు పేర్చి క్రంబ్ కోట్ వేశాక కొన్ని గంటలు వదిలేయండి, పైన తేలికపాటి పలక ఏదైనా పెడితే ఇంకా మంచిది. మధ్యలో జామ్ లాంటి పల్చటిది పెడుతుంటే ముందు అంచు చుట్టూ గట్టి క్రీమ్‌తో కట్ట వేయాలి. చెమట విషయానికొస్తే, ఆ నీటి చుక్కల్ని తుడవకండి, ముట్టుకోకండి, ముఖ్యంగా ముదురు రంగు క్రీమ్ అయితే చారలు పడి మచ్చలుగా మిగిలిపోతాయి. కేకుని అట్టపెట్టెలో పెట్టి మూసి ఫ్రిజ్‌లో ఉంచండి, బయటికి తీశాక కూడా గది వేడికి వచ్చేదాకా మూత తీయకండి, అప్పుడు తేమలో చాలామటుకు పెట్టె మీదే ఆగిపోతుంది.