ఇంటి సందేహాలు: కిటికీ దగ్గర చెమ్మ

ప్రశ్న: మా మేడ మీది తూర్పు గదికి నాలుగడుగుల యూపీవీసీ స్లైడింగ్ కిటికీ ఉంది. మామూలు వానకు చుక్క రాదు. తుపాను గాలికి మాత్రం కింది ట్రాకు నిండి నీళ్లు గదిలోకి పొర్లుతున్నాయి. చుట్టూ రెండుసార్లు సిలికాన్ కొట్టించినా తగ్గలేదండీ.
– ఒక పాఠకురాలు, కావలి

జవాబు: చుట్టూ ఎన్నిసార్లు సిలికాన్ కొట్టించినా ఈ జబ్బు తగ్గదండీ. స్లైడింగ్ కిటికీ ట్రాకులోకి నీళ్లు రావడం తప్పేమీ కాదు. వచ్చిన నీళ్లు బయటి అంచుకున్న సన్నటి కన్నాల్లోంచి పోవాలి, అంతే. ఒక చెంబుడు నీళ్లు ట్రాకులో పోసి చూడండి. ఒకటి రెండు నిమిషాల్లో పోకపోతే కన్నాలు పూడుకున్నట్టే. దుమ్మో, ప్లాస్టరింగ్ నాటి సిమెంటో, కందిరీగ పెట్టిన మట్టిగూడో అడ్డం ఉంటుంది. నా అనుమానం మాత్రం మీరు కొట్టించిన సిలికాన్ మీదే. కింది అంచు వెంట గీసుకుంటూ పోయేవాళ్లు కన్నాలను కూడా మూసేస్తుంటారు. బ్లేడుతో కోసి, తీగతో పొడిచి, మళ్లీ చెంబుడు నీళ్లు పోయండి.

అయినా పొర్లితే ట్రాకు లోపలి అంచు ఎత్తు కొలవండి. గంటకు 60 కి.మీ. గాలి ఎదురుగా కొడితే, ఆ ఒత్తిడి సుమారు 17 మి.మీ. ఎత్తు నీటిని నిలబెట్టగలదు. 100 కి.మీ. గాలికి అది 47 మి.మీ. దాకా వెళ్తుంది. అంచు అంతకంటే తక్కువైతే కన్నాలు ఎంత శుభ్రంగా ఉన్నా గాలి తోపుకు నీళ్లు బయటికి పోలేవు. అప్పుడు ఆ ఒక్క గోడకైనా రబ్బరు పట్టీ మీద బిగుసుకునే రెక్కల కిటికీ పెట్టించడమే మేలు. డ్రిల్లుతో మీరే కొత్త కన్నాలు వేయకండి. ఫ్రేము లోపల ఇనుప గొట్టం ఉంటుంది, అందులోకి నీళ్లు దిగితే తుప్పు పడుతుంది.

ప్రశ్న: కిటికీ పొడిగానే ఉంటుంది. వాన వెలిసిన మర్నాడు మాత్రం దాని కింద లోపలి గోడ ఉబ్బి పెచ్చులు ఊడుతోంది. రెండేళ్లుగా పుట్టీ, రంగు వేస్తూనే ఉన్నాం.
– ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: ముందు పుట్టీ డబ్బా పక్కన పెట్టండి. వాన పడుతుండగానే నీళ్లు కారితే ఏదో సందు తెరుచుకుని ఉందని అర్థం. మర్నాడు కనబడితే గోడ నీళ్లు తాగి మెల్లగా వదులుతోందన్నమాట. మీది రెండో రకం. నీళ్లు దిగే చోటు, చెమ్మ కనబడే చోటు ఒకటే కానక్కర్లేదు.

ఎండ కాసే రోజున పైపుతో పరీక్ష చేయండి. ఎప్పుడూ కింది నుంచి పైకి రావాలి. పై నుంచి మొదలుపెడితే అంతా తడిసి ఏదీ తేలదు. మొదట కిటికీ కింది రాయి మీద, తర్వాత రెండు పక్కల సందుల్లో, తర్వాత పై అంచున, చివర సన్‌షేడ్ మీద, ఒక్కో చోట పావుగంట నీళ్లు వదలండి. లోపల ఒకరు నిలబడి చూడాలి. మీ గోడ ఆలస్యంగా వదులుతుంది కాబట్టి ఒక్కో చోటికీ ఒక్కో రోజు కేటాయించండి. ఓపిక కావాలి, కానీ గోడ పగలగొట్టే ఖర్చు మిగులుతుంది.

ఎక్కువగా దొరికే దొంగ కింది రాయే. చీమకుర్తి గ్రానైటు మంచిదే, కానీ మేస్త్రి దాన్ని మట్టంగానో, లోపలికి వాటంగానో పరిచి ఉంటే నీళ్లు ఫ్రేము కిందికి చేరతాయి. అడుగుకు కనీసం అంగుళం చొప్పున బయటికి వాటం ఉండాలి. రాయి గోడ దాటి అంగుళంన్నర ముందుకు రావాలి. అడుగు భాగాన, ముందంచుకు ముప్పావు అంగుళం లోపల, పావు అంగుళం లోతు గాడి ఉండాలి. గాడి లేకపోతే నీళ్లు రాయి కిందుగా పాకి గోడకే చేరతాయి. గాడిని మార్బుల్ కట్టర్‌తో ఇప్పుడైనా తీయించవచ్చు. వాటం తప్పితే మాత్రం రాయి ఊడదీసి మళ్లీ పరవాల్సిందే, దీనికి దగ్గరిదారి లేదు.

రెండో అనుమానం సన్‌షేడ్ గోడను కలిసే మూల. అక్కడ సన్నటి చీలిక వస్తుంది. దాన్ని 10 మి.మీ. వెడల్పున చెక్కి, దుమ్ము దులిపి, పాలిమర్ కలిపిన సిమెంటుతో నింపండి. మూలను గుండ్రంగా తిప్పి, బయటికి వాటం ఇచ్చి, వారం తడపండి. బాగా ఆరాక వాటర్‌ప్రూఫ్ పూత అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి వేయాలి. లోపలి గోడకు రంగు చివరి పని. చెమ్మ పూర్తిగా ఆరకముందే వేస్తే మళ్లీ ఊడుతుంది.

ప్రశ్న: ఏ సిలికాన్ కొనాలి? ఏడాదికే ఊడొస్తోంది.
– ఒక పాఠకుడు, కొత్తపట్నం

జవాబు: పుల్లటి వెనిగర్ వాసన వచ్చే రకం సిమెంటు మీద సరిగా అంటదు, ఇనుమును తినేస్తుంది. న్యూట్రల్ రకం అడగండి. దాని మీద రంగు నిలవదు. రంగు వేయాల్సిన చోట పాలీయురితేన్ సీలెంట్ వాడండి. పాతదంతా కోసి తీసి, సందు పొడిగా ఉన్నప్పుడు, లోపల ఫోమ్ తాడు దూర్చి, దాని పైన వేయాలి. అడుగున ఆధారం లేకుండా లోతుగా దట్టిస్తే మూడు వైపులా అంటుకుని, సందు కదిలినప్పుడు చిరుగుతుంది. 6 మి.మీ. వెడల్పు, అంతే మందానికి 300 మి.లీ. గొట్టం ఒకటి ఎనిమిది మీటర్లు వస్తుంది. నాలుగడుగుల కిటికీ చుట్టుకొలత ఐదు మీటర్లకు లోపే. సముద్రానికి దగ్గర కాబట్టి స్క్రూలు మాత్రం 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలువే వాడండి.