పింఛను పంపిణీకి టెండరు ఎందుకు లేదంటే...

ఆసరా పింఛను పంచే పనిని టెండరు పిలవకుండా పోస్టాఫీసుకు ఎలా అప్పగించారు, పోటీ పెడితే మేలు కదా అని మీరు అడిగారు. దేవరకొండ వైపు ఒక పల్లెలో చాలాకాలం బ్రాంచి పోస్టుమాస్టరుగా పనిచేశాను. నా మాటలో కొంత పక్షపాతం ఉంటుంది, ముందే చెబుతున్నాను.

నిబంధన సంగతి చిన్నదే. ప్రభుత్వ కొనుగోళ్ల నియమాల్లో నామినేషన్ పద్ధతికి, అంటే టెండరు లేకుండా నేరుగా ఒకరికే పని అప్పగించడానికి, చోటుంది. ఎందుకు ఇస్తున్నారో ఫైలులో కారణం రాయాలి, అధికారం ఉన్నవారు ఆమోదించాలి.

అసలు కథ పంచేచోట ఉంటుంది. 2006లో ఉపాధి హామీ మొదలైన తొలి 200 జిల్లాల్లో నల్గొండ, మహబూబ్‌నగర్ కూడా ఉన్నాయి. కూలి డబ్బు మా చేతుల మీదుగానే వెళ్లేది. పెద్ద పోస్టాఫీసు నుంచి నగదు వచ్చేసరికి మధ్యాహ్నం దాటేది. తండా నాలుగు కిలోమీటర్ల దూరం. కూలీల గుంపును చూసుకునే మేటు ముప్పై పాసుపుస్తకాలు సంచిలో వేసుకొని, వేలిముద్రలు వేయించిన ఫారాలతో సహా వచ్చేవాడు. మనిషి ఎదురుగా ఉంటేనే ఇవ్వాలి. అయినా ఇచ్చేవాడిని. నెల తర్వాత ఒక ముసలమ్మ వచ్చి తన కూలి ఎప్పుడొస్తుందని అడిగింది. పుస్తకం తెరిస్తే ఆమె వేలిముద్ర కింద నా సంతకమే ఉంది. ఆ డబ్బు నా జేబులోంచి ఇచ్చాను. తప్పు మాత్రం పుస్తకంలోనే ఉండిపోయింది.

పోటీ కూడా చూశాం. వేలిముద్ర సరిచూసి డబ్బు ఇచ్చే స్మార్ట్‌కార్డుల పథకంలో చెల్లింపులు బ్యాంకులకు అప్పగించి, 2 శాతం కమిషన్ ఇచ్చారు. మన నల్గొండతో కలిపి ఎనిమిది జిల్లాల్లో మొదట ఒప్పుకున్న బ్యాంకులు పని ముందుకు నడపలేదు. మళ్లీ వేరేవారికి అప్పగించాల్సి వచ్చింది. ఆ తర్వాత 157 మండలాల్లో, ఎక్కడ ముందు మొదలుపెట్టాలో చీటీ వేసినట్టు తేల్చి పరిశోధకులు పరిశీలిస్తే, కార్డులు ముందు వచ్చిన చోట కూలి త్వరగా అందింది, మధ్యలో మింగేదీ తగ్గింది. అందరూ ఆ మెప్పు వేలిముద్ర యంత్రానికి ఇస్తారు. నేనైతే పంచే మనిషి ఆ ఊళ్లోనే ఉండాలన్న షరతుకు ఇస్తాను. ఎక్కువగా స్వయం సహాయక సంఘాల మహిళలనే పెట్టుకున్నారు. మా పోస్టాఫీసుల్లో ఆ పట్టుదల ఉండి ఉంటే మేటు సంచి అవసరమయ్యేదే కాదు.

అందుకే టెండరా, నామినేషనా అన్నది నాకు రెండో ప్రశ్న. ఒప్పందంలో ఏ రోజున, ఏ తండాలో, ఎవరు కూర్చుంటారని రాశారు? నగదు ఆలస్యమైతే ఎవరి కమిషన్ కోస్తారు? పత్తి ఏరి వేలిగీతలు అరిగిపోయిన వృద్ధురాలిని యంత్రం గుర్తుపట్టకపోతే ఎవరు ధ్రువీకరిస్తారు? మా ఊళ్లో పంచాయతీ కార్యదర్శి వచ్చి తన వేలు పెట్టేదాకా వాళ్లు అరుగు మీదే ఎదురుచూసేవారు. ఆయన సెలవులో ఉంటే మళ్లీ రేపు.

మీకు పట్టుదల ఉంటే, సమాచార హక్కు చట్టం కింద జిల్లా గ్రామీణాభివృద్ధి కార్యాలయంలో 10 రూపాయల రుసుముతో దరఖాస్తు పెట్టండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. ఒప్పందం నకలుతో పాటు, మీ ఊరికి సంబంధించి నెలవారీ పంపిణీ తేదీలు కూడా అడగండి. పని జరిగిన తీరు ఆ తేదీల్లోనే దొరుకుతుంది.