బ్యాట్ తగిలాక బంతి వేగం ఎంత?

160 గ్రాముల క్రికెట్ బంతి సెకనుకు 30 మీటర్ల వేగంతో వస్తోంది. బ్యాట్ దాన్ని సగటున 4000 న్యూటన్ల బలంతో 2 మిల్లీసెకన్లు ఎదురు నెట్టింది.

ముందు దిశ తేల్చుకోండి. బౌలర్ వైపు ధనాత్మకం అనుకుంటే తొలి వేగం −30. ఎక్కువమంది తప్పేది ఇక్కడే: మైనస్ మరిచి తుది వేగం 80 అని రాసేస్తారు.

ప్రచోదనం (బలం × కాలం) = 4000 × 0.002 = 8 న్యూటన్ సెకన్లు. ద్రవ్యవేగంలో (ద్రవ్యరాశి × వేగం) మార్పూ అంతే. కాబట్టి వేగంలో మార్పు 8 ÷ 0.16 = 50. తుది వేగం −30 + 50 = 20, అంటే సెకనుకు 20 మీటర్లు, బౌలర్ వైపు.

గ్రాములను కిలోల్లోకి మార్చకపోతే వేగంలో మార్పు వెయ్యి రెట్లు తేడా వస్తుంది. లెక్కలో సగటుకు బదులు గరిష్ఠ బలం ఇస్తే నేరుగా గుణించకండి. బలం–కాలం గ్రాఫ్ త్రిభుజమైతే గరిష్ఠ బలం × కాలంలో సగం చేయాలి కదా, ఆ త్రిభుజ వైశాల్యమే ప్రచోదనం.