పాత కారుకు హై కంప్రెషన్ పిస్టన్లు వేయిస్తే చట్టం ఒప్పుకుంటుందా?

ప్రశ్న: నమస్తే సార్. మాది హనుమకొండ. మా బాపు 1996లో కొన్న ప్రీమియర్ పద్మిని ఇంకా నడుపుతున్నాం. పెట్రోలు బండి, ఏపీ 36 నంబరు. పొగ కొడుతోంది, పికప్ లేదు. ఆటోనగర్‌లో ఇంజిన్ విప్పితే బోరు, అంటే పిస్టన్ ఆడే సిలిండర్ లోపలి గోడ, అరిగిందని తేలింది. ఎలాగూ బోరింగ్ చేయాలి, అంటే ఆ గోడను కాస్త వెడల్పుగా కోయాలి కాబట్టి హై కంప్రెషన్ పిస్టన్లు వేసి, సిలిండర్ల మీద మూతలా ఉండే హెడ్ కూడా కాస్త గీయిద్దామని మెకానిక్ అంటున్నాడు. సీసీ మారదు, ఆర్‌సీకి ఏమీ కాదంటున్నాడు. రిజిస్ట్రేషన్ రెన్యువల్ దగ్గరికొచ్చింది. చిక్కులేమైనా ఉంటాయా?

జవాబు: మీ మెకానిక్ మాటలో సగమే నిజం ఉంది. దాన్ని నమ్ముకుని డబ్బు పెట్టకండి.

ఒకసారి ఆర్‌సీ తీసి చూడండి. చాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు, సిలిండర్ల సంఖ్య, సీసీ, ఇంధనం, రంగు ఉంటాయి. కంప్రెషన్ రేషియో, అంటే సిలిండర్లోకి వచ్చిన గాలి, పెట్రోలును పిస్టన్ ఎన్ని రెట్లు నొక్కుతుందన్న లెక్క, మాత్రం కనిపించదు. మీ మెకానిక్ పెంచుదామంటున్నది దాన్నే. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, ఆర్‌సీలోని వివరాలు తయారీదారు మొదట ఇచ్చిన వివరాలతో తేడా పడేలా ఓనరు బండిని మార్చకూడదు. ఆ మాటను అక్షరాలా తీసుకుంటే, ఆర్‌సీలో లేని సంగతి మారితే తప్పేముందని వాదించొచ్చు. కేసు వస్తే నేనూ ఆ వాదన వినిపిస్తాను. గెలుస్తానని మాత్రం మాట ఇవ్వలేను. ఎందుకంటే కేరళ నుంచి వెళ్లిన కె. జయచంద్ర కేసులో, 2019 జనవరిలో, సుప్రీంకోర్టు ఈ సెక్షన్‌ను గట్టిగా బిగించింది. తయారీదారు స్పెసిఫికేషన్‌కు విరుద్ధంగా బండిని మార్చడానికి వీల్లేదని, రంగు మార్చడం లాంటి చిన్న వాటికే వెసులుబాటని చెప్పింది. కంప్రెషన్ రేషియో ఆర్‌సీలో లేకపోయినా తయారీదారు స్పెసిఫికేషనే కదా.

అలాగని అరిగిన ఇంజిన్ బాగుచేయించుకోవద్దని కాదు. మీ బండి బోరు వెడల్పు 68 మిల్లీమీటర్లు, స్ట్రోకు, అంటే పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరం, 75. నాలుగు సిలిండర్లకు కలిపి 1089 సీసీ. బోరింగ్ చేసి అర మిల్లీమీటరు పెద్దవైన 0.50 ఓవర్‌సైజు పిస్టన్లు వేస్తే బోరు 68.5 అవుతుంది, లెక్క కడితే 1105 సీసీ దాటుతుంది. అంటే సీసీ మారదన్న మాట కూడా పూర్తిగా నిజం కాదు. అయినా పాత పిస్టన్ ఆకారంలోనే ఉండి, తల మీద 0.50 అని గుద్ది ఉండే ఓవర్‌సైజు పిస్టన్లు అరిగిన బోరు కోసమే తయారవుతాయి. అది మరమ్మతు. బండి మూల లక్షణం మారితేనే 52వ సెక్షన్ కింద మార్పు అవుతుంది కాబట్టి, దీనికి భయపడక్కర్లేదని నా అభిప్రాయం. తల ఎత్తుగా ఉన్న పిస్టన్ వేయడం, వంకర లేని హెడ్‌ను పవర్ కోసం గీయడం వేరే సంగతి. అక్కడ మీరు ఇంజిన్‌ను బాగుచేయడం లేదు, మారుస్తున్నారు.

అనుమతి లేని మార్పుకు అదే చట్టంలోని 182ఏ సెక్షన్, 4వ ఉపవిభాగం కింద ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. ఈ కేసు పడేది ఓనరు మీద. సలహా ఇచ్చిన మెకానిక్ మీద కాదు.

పొల్యూషన్ సర్టిఫికెట్ వచ్చింది కదా అని ధీమా పడొద్దు. మీ కాలపు పెట్రోలు కారుకు ఐడిల్‌లో, అంటే బండి ఆగి ఇంజిన్ నడుస్తున్నప్పుడు, కార్బన్ మోనాక్సైడ్ 3 శాతం, హైడ్రోకార్బన్లు 1500 పీపీఎం మించకూడదు, అంతే చూస్తారు. కంప్రెషన్ పెరిగితే ఎక్కువయ్యే నైట్రోజన్ ఆక్సైడ్ల జోలికి ఆ పరీక్ష పోదు. కాబట్టి ఆ కాగితం మీ మార్పుకు అనుమతి కాదు.

నాకు అసలు భయం ఇన్సూరెన్సుతోనే. ఎదుటి మనిషికి ఇవ్వాల్సిన పరిహారాన్ని కంపెనీ ఏయే కారణాలతో ఎగ్గొట్టొచ్చో మోటారు వాహనాల చట్టం 150వ సెక్షన్ విడివిడిగా చెప్పింది. ఇంజిన్ మార్పు అందులో పేరుపెట్టి లేదు. కానీ ముఖ్యమైన విషయం దాచి పాలసీ తీసుకున్నారన్న కారణం ఉంది. ఏటా పాలసీ రెన్యువల్ చేస్తూ ఈ మార్పు చెప్పకపోతే ఆ వాదనకు మీరే చోటిచ్చినట్టు. సొంత నష్టం క్లెయిమ్‌లో అయితే సర్వేయర్ ఇంజిన్ విప్పించిన రోజే గొడవ మొదలవుతుంది. రోడ్డు మీద ఎవరికైనా ఏమైనా అయితే, ఆ పరిహారం కోసం మీ బాపు ఇల్లు అమ్మాల్సిన పరిస్థితి రాకూడదు.

ఇంకోటి. సిలిండర్లు ఉండే ఇంజిన్ బ్లాకు పనికిరాదని షాపువాళ్లు వేరే బ్లాకు ఎక్కిస్తే ఇంజిన్ నంబరు మారిపోతుంది. అప్పుడు 14 రోజుల్లోగా ఆర్‌టీఓ ఆఫీసులో చెప్పి ఆర్‌సీలో రాయించుకోవాలి. ఆ బ్లాకు ఎక్కడిదో చూపే బిల్లు లేకపోతే దొంగ బండి అనుమానం మీ మెడకు చుట్టుకుంటుంది.

కాబట్టి పాత ఆకారపు ఓవర్‌సైజు పిస్టన్లే వేయించండి. పిస్టన్ల బిల్లు, బోరింగ్ షాపు బిల్లు విడివిడిగా తీసుకుని, వాటి మీద సైజు, ఇంజిన్ నంబరు రాయించండి. పని పాడైతే రెండేళ్లలోగా జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లడానికి ఆ బిల్లులే ఆధారం. ఇప్పటికే హై కంప్రెషన్ పిస్టన్లకు అడ్వాన్సు ఇచ్చి ఉంటే, వద్దని ఈరోజే వాట్సాప్‌లో రాసి పెట్టండి, ఫోన్లో చెప్పి ఊరుకోవద్దు. రెన్యువల్‌కు ఫారం 25ను గడువుకు ముందు 60 రోజుల లోపల ఇవ్వాలి. ఇంజిన్ పని పూర్తయి, ఇన్సూరెన్సు, పొల్యూషన్ కాగితాలు చేతిలో ఉన్నాకే బండిని తనిఖీకి తీసుకెళ్లండి. తనిఖీలో చాసిస్, ఇంజిన్ నంబర్లు చూస్తారు కాబట్టి, ముందురోజే ఆ రెండు చోట్లా గ్రీజు తుడిపించి ఉంచండి.