బోర్డు మారినా ఫర్మ్‌వేర్ ఒకటే ఉండాలంటే

చిరంజీవికి ఆశీస్సులు.

కొత్త బోర్డుకి డివైస్ ట్రీ, అంటే బోర్డు మీద ఏ హార్డ్‌వేర్ ఉందో లినక్స్ కెర్నెల్‌కి చెప్పే వివరణ, రాయబోతున్నానన్నావు. ముందు స్కీమాటిక్ తెరిచి పక్కన పెట్టుకో. ఏ చిప్పు ఏ బస్సు మీద ఏ అడ్రసులో ఉంది, దాని రీసెట్, ఇంటరప్ట్, పవర్ ఎక్కణ్ణుంచి వస్తున్నాయి, ట్రీలో రాయాల్సింది ఇదే. డ్రైవర్ ఎలా పనిచెయ్యాలో అందులో చెప్పకు. రేపు కెర్నెల్ మారుతుంది, ఫీల్డులో ఉన్న డీటీబీ (కంపైల్ చేసిన ట్రీ) మాత్రం పాతదే ఉంటుంది. ఆ రెండూ కలిసి నడవాలి.

ప్రాసెసర్ లోపలి సరంజామా అంతా డీటీఎస్ఐ ఫైల్లో (బోర్డులన్నీ కలుపుకునే ఉమ్మడి సోర్సు) ఉంటుంది, దాన్ని కదపకు. బోర్డు డీటీఎస్‌లో (ఆ బోర్డు సొంత సోర్సు ఫైలు) నువ్వు వాడేవాటికే స్టేటస్ 'ఓకే' పెట్టు. ఏ డ్రైవర్ కావాలో తేల్చే కంపాటిబుల్‌లో అసలు పార్ట్ పేరు ముందు, దానితో కలిసే పాత పార్ట్ పేరు తర్వాత. అంకెల చోట ఎక్స్ పెట్టి కుటుంబమంతటికీ ఒకే పేరు ఇవ్వకు. ఆ కుటుంబంలోకి తేడాగా ఉండే చిప్పు ఒకటి వస్తే విడదీయడానికి దారి ఉండదు.

ఎక్కువమంది తప్పేది అంకెల దగ్గర. చిప్పు అడ్రసూ సైజూ చెప్పే రెగ్‌ని చదివేది పేరెంట్ నోడ్‌లోని అడ్రస్-సెల్స్, సైజ్-సెల్స్ బట్టి. అవి 2, 2 అయితే రెగ్‌లో నాలుగు సెల్స్ (ఒక్కోటి 32 బిట్ల అంకె) ఉండాలి. పై 32 బిట్లు సున్నా అయినా ఆ సున్నాని రాయాల్సిందే. అడ్రస్-సెల్స్, సైజ్-సెల్స్ తాత నుంచి మనవడికి వారసత్వంగా రావు, ప్రతి బస్సు నోడ్‌లోనూ రాయాలి. ట్రీ కంపైలర్ డీటీసీ ఇచ్చే వార్నింగ్ ఒక్కటి కూడా వదలకు.

ఐ2సీ బస్సు మీద చిప్పు అడ్రసు 7 బిట్లది. డేటాషీట్ రైట్‌కి హెక్స్ 90, రీడ్‌కి హెక్స్ 91 అంటే, ట్రీలో హెక్స్ 48 రాయాలి. 90 రాస్తే ఆ చిప్పు జవాబివ్వదు, నువ్వేమో సోల్డరింగ్ మీద అనుమానపడతావు.

ఆర్మ్ జిక్ (ఇంటరప్ట్ కంట్రోలర్) కింద ఇంటరప్ట్‌కి సాధారణంగా మూడు సెల్స్: రకం, నంబరు, ట్రిగ్గర్. మాన్యువల్‌లో 75 అని ఉంటే, అది జిక్ సొంత లెక్క అయితే, 32 తీసేసి 43 రాయాలి. కొన్ని మాన్యువల్స్ ముందే తీసేసి ఇస్తాయి, కాబట్టి పట్టిక మొదలు ఎక్కడుందో చూడు. ఇది తప్పితే డ్రైవర్ ఏ ఫిర్యాదూ లేకుండా లోడ్ అవుతుంది, ఇంటరప్ట్‌లు ఎన్నిసార్లు వచ్చాయో చూపే ప్రాక్ ఇంటరప్ట్స్ ఫైల్లో లెక్క మాత్రం సున్నా దగ్గరే ఆగిపోతుంది.

రీసెట్ పిన్ యాక్టివ్-లో (వోల్టేజి తగ్గితే పనిచేసేది) అయితే ఆ ఫ్లాగ్ తప్పకుండా పెట్టు. లేకపోతే డ్రైవర్ రీసెట్ వదిలాననుకున్న క్షణంలోనే చిప్పు రీసెట్‌లోకి పోతుంది. రెగ్యులేటర్ రిఫరెన్సు తప్పితే ఎర్రర్ కూడా రాకపోవచ్చు, డ్రైవర్ దానికోసం ఎదురుచూస్తూ కూర్చుంటుంది. కెర్నెల్ డీబగ్ ఫైళ్లుండే డీబగ్‌ఎఫ్ఎస్‌లోని డివైసెస్_డిఫర్డ్ ఫైలు తెరిస్తే ఎవరు ఆగిపోయారో తెలుస్తుంది.

రివిజన్లు రెండు మూడు ఉంటే కోడ్‌లో ఇఫ్‌లు పెంచకు. ఉమ్మడి భాగం ఒక డీటీఎస్ఐలో, తేడాలు రివిజన్‌కో డీటీఎస్‌లో ఉంచి, డీటీబీలన్నీ ఒకే ఫిట్ ఇమేజ్‌లో (కెర్నెల్, డీటీబీలు కలిపి కట్టే ఫైలు) పెట్టు. బోర్డు మీద రెసిస్టర్లతో కట్టిన ఐడీ పిన్నులు చదివి బూట్‌లోడర్ యూ-బూట్ సరైనదాన్ని ఎంచుకుంటుంది. ఆ పిన్నులు మొదటి రివిజన్ నుంచే పెట్టమని హార్డ్‌వేర్ వాళ్లని గట్టిగా అడుగు, తర్వాత చేర్చడం చాలా కష్టం.

తగిలించి తీసే కార్డులకి ఓవర్‌లే, అంటే బేస్ ట్రీ మీద కలిపే చిన్న ట్రీ ముక్క, వాడు. బేస్ డీటీబీని సింబల్స్‌తో (లేబుల్స్ పట్టికతో) కంపైల్ చెయ్యాలి, లేకపోతే ఓవర్‌లేకి బేస్‌లోని లేబుల్స్ కనపడవు. అప్లై చేసేముందు యూ-బూట్‌లో బేస్‌ని రీసైజ్ చేసి చోటు పెంచు. ఓవర్‌లే మధ్యలో ఫెయిలైతే అప్పటికే బేస్ పాడైనట్టే, అదే కాపీతో ముందుకెళ్లకుండా మళ్లీ లోడ్ చెయ్యి.

బోర్డు బూటయ్యాక ప్రాక్‌లోని డివైస్-ట్రీ డైరెక్టరీని డీటీసీకి ఇచ్చి డీటీఎస్‌గా మార్చి చూడు. బూట్‌లోడర్ మెమరీ సైజు, బూట్ ఆర్గ్యుమెంట్లు మార్చి ఉండొచ్చు. కెర్నెల్ చేతికి నిజంగా అందింది అదే, స్కీమాటిక్‌తో పోల్చాల్సింది కూడా దాన్నే.

ఇట్లు,
పెదనాన్న