సందేహం–సమాధానం: విజయనగరం నుంచి చెప్పిన సలాం మదీనాకు చేరుతుందా?

ప్రశ్న: మాస్టారూ, అస్సలాము అలైకుం. మాది విజయనగరం కంటోన్మెంటు. వచ్చే నెల మా వారు, మా అత్తగారు ఉమ్రాకు వెళ్తున్నారు. ఆ సంగతి తెలిసిన దగ్గర్నుంచీ ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ ‘హుజూర్‌కి (ప్రవక్త గారికి) మా సలాం చెప్పండి’ అంటున్నారు. ఆ పేర్లన్నీ అత్తగారు నాచేత నోటుబుక్కులో రాయిస్తున్నారు. బాబామెట్ట దర్గా దగ్గర పూలమ్మే ఆవిడ కూడా పేరు రాయించుకుంది. ఇంతలో మా వారి చిచ్చా వాట్సాప్‌లో రెండు హదీసులు (ప్రవక్త మాటలుగా చెప్పే ఉల్లేఖనాలు) పంపారు. ఒకటి: ‘నా సమాధి దగ్గర దరూద్ (ప్రవక్త మీద కారుణ్యం కోరే ప్రార్థన) చదివితే నేను వింటాను, దూరం నుంచి చదివితే నాకు చేరవేస్తారు.’ రెండోది: శుక్రవారం అసర్ (సాయంత్రపు నమాజు) తర్వాత 80 సార్లు దరూద్ చదివితే 80 ఏళ్ల పాపాలు పోతాయి, ఇది 11 మందికి పంపాలి. డిగ్రీ చదివే మా అబ్బాయి ‘దరూద్ మీద వచ్చే హదీసులన్నీ కల్పితాలే’ అని అందరి ముందూ అనేశాడు. అత్తగారు ఆ రాత్రి అన్నం ముట్టలేదు. ఎవరి మాట నిజం? ఉమ్రాకు వెళ్లే స్తోమత లేని నాలాంటి వాళ్ల సలాం ఆయనకు అందదా?
– ఒక సోదరి, విజయనగరం

జవాబు: వ అలైకుముస్సలాం అమ్మా. మీ ఆఖరి ప్రశ్న ముందు తీసుకుంటాను. ఉత్తరమంతటికీ ప్రాణం అదే.

మీ సలాం అందుతుంది. ఇది నేను ఓదార్పుకి చెప్పే మాట కాదు. ‘భూమ్మీద తిరుగుతుండే దైవదూతలు అల్లాహ్‌కు ఉన్నారు, నా ఉమ్మత్ (అనుచర సమాజం) సలాంను వాళ్లు నాకు అందజేస్తారు’ అని దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) చెప్పినట్టు హజ్రత్ ఇబ్నె మస్‌ఊద్ (రజి) ఉల్లేఖించారు. ఇది నసాయీ సంకలనంలో ఉంది, దీని సనద్ (ఎవరు ఎవరి దగ్గర విన్నారో చెప్పే ఉల్లేఖకుల వరస) గట్టిది. అబూ దావూద్‌లో ఇంకొకటి ఉంది, 2042వ హదీసు: ‘మీ ఇళ్లను సమాధులు చేయకండి. నా సమాధిని పండగ చోటు చేయకండి. నా మీద దరూద్ చదవండి, మీరు ఎక్కడున్నా అది నాకు చేరుతుంది.’ ఎక్కడున్నా అన్నారు, చూడండి. మదీనా గోడల పక్కనే ఉన్నవాళ్లకి చెప్పిన మాట ఇది.

ప్రవక్త గారి మునిమనవడు, ఇమామ్ హసన్ కొడుకు అయిన హసన్ బిన్ హసన్ ఒకసారి సమాధి దగ్గరికి వచ్చిన ఒకాయనకు ఈ హదీసే వినిపించి, ‘మీరూ, అందలుస్‌లో ఉన్నవాళ్లూ ఈ విషయంలో సమానమే’ అన్నారని సయీద్ బిన్ మన్సూర్ తన సంకలనంలో రాశారు. అందలుస్ అంటే ఇప్పటి స్పెయిన్. ఆ రోజుల్లో ముస్లింలకు అంతకంటే దూరం ఊరు తట్టి ఉండదు. ఆ లెక్కన కంటోన్మెంటు ఎంత దూరమమ్మా? పైగా మీరు రోజూ అయిదు పూటలా నమాజులో ‘అస్సలాము అలైక అయ్యుహన్నబియ్యు’ అంటూనే ఉన్నారు. అది వట్టి లాంఛనం కాదు.

ఇక చిచ్చాగారు పంపిన మొదటి హదీసు. ఇలాంటిది చేతికొచ్చినప్పుడు కింద ఏ పుస్తకం పేరుందో చూసి ఊరుకుంటాం. మా ఉస్తాద్‌గారు అలా ఊరుకోనిచ్చేవారు కాదు. ‘ఎవరు ఎవరి దగ్గర విన్నారో చెప్పు, హదీసు సంగతి తర్వాత’ అనేవారు. నాకూ అదే అలవాటయింది. ఇది 1066లో మరణించిన ఇమామ్ బైహఖీ సంకలనం ‘షుఅబుల్ ఈమాన్’లో ఉంది. ఉల్లేఖకుల పేర్లు వరసగా రాసి చూద్దాం. ముహమ్మద్ బిన్ మర్వాన్, ఆయనకు ఆమష్, ఆయనకు అబూ సాలిహ్, ఆయనకు హజ్రత్ అబూ హురైరా (రజి) చెప్పారట. తర్వాతి మూడు పేర్లూ చూస్తే ఎవరైనా కళ్లకద్దుకుంటారు. పేరున్న హదీసు సంకలనాలైన బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఆ ముగ్గురి దారిలో వచ్చిన హదీసులు బోలెడు. చిక్కల్లా మొదటి పేరుతోనే. ‘చిన్న సుద్దీ’ అని పిలిచే ఈ ముహమ్మద్ బిన్ మర్వాన్ మీద అబద్ధాలు చెప్పేవాడన్న ముద్ర ఉంది. ‘ఆమష్ హదీసుల్లో దీనికి మూలం లేదు’ అని హదీసు విమర్శకుడు ఉఖైలీ తేల్చారు. ఇబ్నుల్ జౌజీ దీన్ని కల్పిత హదీసుల పుస్తకంలో చేర్చారు. గొప్ప పేర్ల ముందు ఒక్క చెడ్డ పేరు వచ్చి నిలబడినా ఆ దారి పనికిరాదు.

ఇక్కడితో ఆపేస్తే మీకు అన్యాయం చేసినవాణ్నవుతాను. చిన్న సుద్దీ లేని ఇంకో దారి అబుష్షైఖ్ అనే మరో సంకలనకర్త దగ్గర ఉంది. హాఫిజ్ ఇబ్నె హజర్ (మరణం 1449) అంతటి వారు దాన్ని మంచి సనద్ అన్నారు. అయితే అందులో అబ్దుర్రహ్మాన్ బిన్ అహ్మద్ అల్ ఆరజ్ అనే వ్యక్తి ఉన్నారు. ఆయన నమ్మదగినవారని పాత విమర్శకుల సాక్ష్యం ఏదని మరికొందరు పండితులు అడిగారు. నాకు ఆ ప్రశ్న న్యాయంగానే తోస్తుంది. ‘చేరవేస్తారు’ అన్న సగానికి పైన చెప్పిన గట్టి హదీసుల అండ ఉంది. ‘దగ్గరైతే నేనే వింటాను’ అన్న సగమే ఇలాంటి సనద్‌ల మీద నిలబడి ఉంది. అబూ దావూద్ 2041లో ‘ఎవరు నాకు సలాం చెప్పినా, జవాబివ్వడానికి అల్లాహ్ నా ఆత్మను నాకు తిరిగి ఇస్తాడు’ అని ఉంది. హదీసు పండితుడు నవవీ దీన్ని సహీహ్ (ప్రామాణికం) అన్నారు. ఆ పాఠంలో దగ్గరా దూరం అన్న మాటే లేదు.

రెండోదాని గురించి పెద్దగా చెప్పడానికేమీ లేదు. 80 సార్ల మాట ఖతీబ్ బగ్దాదీ తన బగ్దాద్ చరిత్రలో వహబ్ బిన్ దావూద్ అనే అతని ద్వారా రాసి, అతను నమ్మదగినవాడు కాదని తనే చెప్పారు. మిగతా దారులూ బలహీనమైనవే. మా శ్రీకాకుళంలో పెద్దవాళ్లు కొందరు శుక్రవారం అసర్ అయ్యాక తస్బీహ్ పట్టుకుని ఈ 80 పూర్తి చేసే లేస్తారు. వాళ్ల చేతిలో తస్బీహ్ లాక్కోవాలని నాకు లేదు. దరూద్ ఎంత చదివినా మంచిదే. ఆ అంకె, ఆ బహుమానం ప్రవక్త గారు చెప్పారు అనడమే తప్పు. 11 మందికి పంపమన్నది మాత్రం ఏ పుస్తకంలోనూ లేని మాట. ‘నా మీద కావాలని అబద్ధం చెప్పినవాడు నరకంలో తన చోటు చూసుకోవాలి’ అన్న హదీసు బుఖారీ, ముస్లిం రెండింటిలో ఉంది. దాన్ని తలుచుకుంటే ఫార్వర్డ్ నొక్కే వేలు వణకాలి.

మీ అబ్బాయికి ఈ పేజీ చూపించండి. అడగడం మంచి లక్షణం బాబూ. సనద్ లేకపోతే ఎవడికి తోచింది వాడు చెప్పేవాడని అబ్దుల్లాహ్ బిన్ ముబారక్ అన్న మాట ముస్లిం ముందుమాటలోనే ఉంది. కానీ ‘అన్నీ కల్పితాలే’ అనడానికి కూడా సనద్ కావాలి కదా? ‘నా మీద ఒక్కసారి దరూద్ చదివినవారి మీద అల్లాహ్ పదిసార్లు కారుణ్యం కురిపిస్తాడు’ అన్నది సహీహ్ ముస్లిం హదీసు. మనం నమాజులో చదివే దరూదె ఇబ్రాహీం, కాబ్ బిన్ ఉజ్రా (రజి) ద్వారా బుఖారీలో ఉంది. అసలు దరూద్ చదవమన్న ఆజ్ఞ ఖురాన్‌లోనే, 33వ సూరా 56వ ఆయత్‌లో ఉంది.

శుక్రవారం దరూద్ ఎక్కువగా చదవమన్న హదీసు సంగతి కూడా నువ్వు తెలుసుకోవాలి. ఔస్ బిన్ ఔస్ (రజి) చెప్పినది, అబూ దావూద్ 1047. ‘మీరు మట్టిలో కలిసిపోయాక మా దరూద్ మీకెలా సమర్పిస్తారు?’ అని సహచరులు అడిగితే, ‘ప్రవక్తల శరీరాలను తినడం భూమికి అల్లాహ్ నిషేధించాడు’ అన్నారు. నవవీ దీన్నీ సహీహ్ అన్నారు. కానీ హదీసు విమర్శకులు ఇమామ్ బుఖారీ, అబూ హాతిం ఒక చిక్కు పట్టుకున్నారు. కూఫా వాసి హుసైన్ జుఅఫీ దీన్ని ‘అబ్దుర్రహ్మాన్ బిన్ యజీద్ బిన్ జాబిర్’ దగ్గర విన్నానన్నారు. ఆయన గట్టివారు. అదే కాలంలో అదే షాం (ఇప్పటి సిరియా ప్రాంతం) దేశంలో ‘అబ్దుర్రహ్మాన్ బిన్ యజీద్ బిన్ తమీమ్’ అని మరొకరు ఉన్నారు, ఆయన బలహీనుడు. మన పల్లెలో ఇద్దరు అప్పలనాయుళ్లుండి, ఇద్దరి తండ్రులూ రామునాయుళ్లే అయినట్టు. హుసైన్ విన్నది రెండో ఆయన దగ్గరేమో, తాత పేరు పొరపాటు పడ్డారేమో అని వాళ్ల అనుమానం. కాదు, ఆ పొరపాటు పడింది అబూ ఉసామా అనే ఇంకొకరు, హుసైన్ సరిగ్గానే విన్నారు అని మరో విమర్శకుడు దారఖుత్నీ అన్నారు. నాకు దారఖుత్నీ మాట బలంగా కనిపిస్తుంది. ఒక్క తాత పేరు దగ్గర అంత పెద్దవాళ్లు అంతసేపు ఆగారు. మనం నానమ్మ ముందు ఒక్క ముక్కలో కొట్టిపారేయడం ఏం బాగుంటుంది?

అత్తగారి నోటుబుక్కు అలాగే ఉండనివ్వండి. ఎవరైనా సలాం అప్పజెబితే ఫలానావారి నుంచి మీకు సలాం అని చెప్పవచ్చని నవవీ రాశారు. అక్కర్లేదు, దైవదూతలే చాలు అన్న పండితులూ ఉన్నారు. పూలమ్మే ఆవిడ అభిమానంతో ఇచ్చిన పేరు కొట్టేయకండి, ఆవిడ మేలు కోరి అక్కడ దువా చేయమనండి. అయితే అక్కడ జనం కదులుతూనే ఉంటారు, నిలబడి పేర్లన్నీ చదివే వీలుండదు. ఇబ్నె ఉమర్ (రజి) ప్రయాణం నుంచి వస్తే ‘అస్సలాము అలైక యా రసూలల్లాహ్, అస్సలాము అలైక యా అబా బక్ర్, అస్సలాము అలైక యా అబతీ’ అని (ప్రవక్తకు, అబూ బక్ర్ గారికి, తన తండ్రికి సలాం) మూడు ముక్కలతో వెనుదిరిగేవారు. మీ వారికి అది నేర్పండి, చాలు. సమాధి ఎదుటి దారిలో ఇప్పుడు మగవాళ్లనే పంపుతున్నారు. కాబట్టి అత్తగారు మసీదులో తను ఉన్నచోటి నుంచే సలాం చెప్పుకోవచ్చు, ఆ మాట ఆవిడకు ఇక్కడే చెప్పి పంపితే అక్కడ టెన్షన్ పడరు. రౌజాలో (మసీదులో సమాధి పక్కనున్న చోటు) నమాజుకు సౌదీ ప్రభుత్వ నుసుక్ యాప్‌లో ముందుగా స్లాటు తీసుకోవాలి. వీసా వచ్చాక ఆ పని మీ అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకుని చేయించమనండి.